గొర్రెలకు కార్తెలు ఎలా తెలుస్తాయి?

మీ ప్రశ్నను మిగతావాళ్ల కోసం ఒకసారి క్లుప్తంగా చెప్తాను. నెల్లూరు జిల్లాలో మీ మామయ్య మందలో గొర్రెలు ఏడాదిలో ఏ నెలలోనైనా ఈనుతుంటాయి. మీరిప్పుడు స్కాట్లండ్‌లో ఉంటున్న ఊరి పక్కన కొండ మీద గొర్రెలన్నీ ఏప్రిల్‌లో రెండు మూడు వారాల్లోనే ఈనేశాయి. ఇది చలి వల్లా, మేత వల్లా, వెలుతురు వల్లా అని అడిగారు. వెలుతురే అయితే అది కంటి దగ్గర్నుంచి వృషణాల దాకా, అండాశయాల దాకా ఎలా చేరుతుందన్నది రెండో ప్రశ్న. చెవి వెనకాల మెలటోనిన్ అనే హార్మోన్ బిళ్ల పెడతారట కదా, అది మామయ్య మందకు పనికొస్తుందా అన్నది మూడోది. నేను పశువైద్యుణ్ణి. ఇరవై ఏళ్లకు పైగా గొర్రెల ఎద, చూడి, ఈతల మీదే పని చేశాను, కొన్నేళ్లు మన దగ్గర, కొన్నేళ్లు మీరున్న వైపే. కాబట్టి కొంచెం పొడుగ్గానే రాస్తాను.

ముందు సూటిగా జవాబు: వెలుతురే. చలి, మేత సాయపడతాయి గానీ తేదీని నిర్ణయించేది పగలూ రాత్రుల పొడవు. అయితే మీరు చూసిన దాంట్లో కొంత రైతు చేతిలో ఉన్న పని కూడా ఉంది, అది కలిపి చూడకపోతే తప్పు లెక్క వస్తుంది. అక్కడ కొండ గొర్రెల మందలోకి పొట్టేళ్లను నవంబర్ మూడో వారం దాకా వదలరు. వదిలేటప్పుడు పొట్టేలు రొమ్ముకు ఒక రంగు ముద్ద కడతారు లేదా రంగు పూస్తారు. అది దాటిన గొర్రె నడుం మీద ఆ రంగు అంటుకుంటుంది. పొద్దున్నే మంద దగ్గర నిలబడితే నిన్న రాత్రి ఎన్ని కట్టాయో, అంటే పొట్టేలుతో కలిశాయో, నడుములు చూసి లెక్కపెట్టొచ్చు. గొర్రెకు ఎద పదహారు పదిహేడు రోజులకోసారి తిరిగి వస్తుంది కాబట్టి ఆ గడువు తర్వాత రంగు మారుస్తారు. మొదట పసుపు పూసి తర్వాత ఎరుపు పూశారనుకోండి, పసుపు మీద ఎరుపు పడిన గొర్రె మొదటిసారి చూడి నిలవలేదన్నమాట. నవంబర్ 22న కట్టిన గొర్రె 147 రోజుల లెక్కన ఏప్రిల్ 18కి ఈనుతుంది. మీరు చూసిన మూకుమ్మడి ఈతకు ఇది ఒక కారణం. కానీ అదే పొట్టేలును అదే మందలోకి మే నెలలో వదిలి చూడండి, ఒక్క నడుం మీద కూడా రంగు పడదు, ఎందుకంటే అప్పుడు గొర్రెలకు అసలు ఎదే ఉండదు.

రైతు ప్రమేయం ఏమీ లేని చోట ఏమవుతుందో కూడా మనకు తెలుసు. స్కాట్లండ్‌కు పడమరగా సముద్రంలో సెయింట్ కిల్డా అనే దీవుల గుంపు ఉంది. 1930లో అక్కడి జనాన్ని మొత్తం ఖాళీ చేయించారు. 1932లో పక్క దీవి నుంచి 107 సోయే జాతి గొర్రెలను పెద్ద దీవికి తెచ్చి వదిలేశారు. కాపరి లేడు, దాణా లేదు, పొట్టేళ్లను విడిగా కట్టేసే వాళ్లూ లేరు. అయినా అవి నవంబర్ ప్రాంతంలోనే కడతాయి, ఏప్రిల్ ప్రాంతంలోనే ఈనుతాయి. ఇక వెలుతురు సంగతి. 1949లో ఇంగ్లండ్‌లో యేట్స్ అనే శాస్త్రవేత్త గొర్రెలను కొట్టంలో ఉంచి లైట్లతో పగటి పొడవును తిరగేశాడు, ఎండాకాలంలో చిన్న పగళ్లు, చలికాలంలో పెద్ద పగళ్లు ఇచ్చాడు. ఎద సీజన్ కూడా తిరగబడింది. భూమధ్యరేఖ దాటించి ఓడల్లో దక్షిణాదికి పంపిన గొర్రెలు కొన్నాళ్లకు అక్కడి శరదృతువుకు మారిపోతాయని అంతకుముందే గమనించారు.

ఇప్పుడు అసలు దారి. ఇక్కడే చాలామంది ఒక తప్పు అభిప్రాయంతో మొదలుపెడతారు. ఎక్కువ వెలుతురు పడితే హార్మోన్లు ఎక్కువ ఊరతాయి, చీకటైతే తగ్గుతాయి అనుకుంటారు. గొర్రె విషయంలో అది పూర్తిగా తలకిందులు, అది పగళ్లు చిన్నవయ్యే కాలంలో ఎదకొస్తుంది. నిజానికి క్షీరదాల శరీరం వెలుతురు మోతాదును లెక్కలోకి తీసుకోదు, రాత్రి ఎన్ని గంటలుందో లెక్క కడుతుంది.

కంటి రెటీనాలో మనం చూడటానికి వాడే కణాలు కాకుండా మెలనాప్సిన్ అనే పదార్థం ఉన్న కొన్ని నాడీకణాలు ఉంటాయి. వాటి పని బొమ్మ చూపించడం కాదు, ఇప్పుడు వెలుతురుందా లేదా అని చెప్పడం. ఆ కబురు మెదడు అడుగున ఉన్న రోజువారీ గడియారానికి వెళ్తుంది. అక్కడి నుంచి పీనియల్ గ్రంథికి చేరాలి. రెండూ మెదడులోనే ఉన్నా కబురు తిన్నగా వెళ్లదు. వెన్నుపాములోకి దిగి, ఛాతీ పైభాగం దాకా వచ్చి, బయటికొచ్చి, మెడలో ఉన్న ఒక నాడీముడిని తాకి, అక్కడి నుంచి మళ్లీ పైకెక్కి పీనియల్‌కు చేరుతుంది. నేను మొదటిసారి ఈ దారి చదివినప్పుడు పుస్తకంలో అచ్చుతప్పేమో అనుకుని వేరే పుస్తకం తీసి చూశాను. కానీ నిజమే, పొట్టేలు మెడలో ఆ ముడిని తీసేస్తే కళ్లు బాగానే కనిపిస్తున్నా, దానికి పగళ్లు పెరుగుతున్నాయా తరుగుతున్నాయా అన్నది తెలియకుండా పోతుంది.

పీనియల్ చీకట్లో మాత్రమే మెలటోనిన్ వదులుతుంది. రాత్రి పూట లైటు పడితే నిమిషాల్లో తగ్గిపోతుంది. ఎనిమిది గంటల రాత్రి ఉంటే రక్తంలో మెలటోనిన్ ఇంచుమించు ఎనిమిది గంటలు ఉంటుంది, పదహారు గంటల రాత్రి అయితే ఇంచుమించు పదహారు గంటలు. మీరున్న వైపు, ఎడిన్‌బరోనే తీసుకుంటే, జూన్‌లో పెద్ద పగలు పదిహేడున్నర గంటలు, డిసెంబర్‌లో చిన్న పగలు ఏడు గంటలు. అంటే గొర్రె రక్తంలో మెలటోనిన్ ఉండే సమయం ఆరు నెలల్లో గంటలకు గంటలు మారిపోతుంది. మన కాపరులు కార్తెలను బట్టి సూర్యుడి నడక లెక్కపెట్టుకున్నట్టే, ఆ గొర్రెకు ఇదే కార్తె లెక్క.

మెలటోనిన్‌ను 1958లో అమెరికాలో యేల్ విశ్వవిద్యాలయంలో ఆరన్ లెర్నర్ ఆవుల పీనియల్ గ్రంథుల నుంచి విడదీశాడు. ఆయన చర్మవైద్యుడు, బొల్లికి మందు దొరుకుతుందేమోనని వెతుకుతున్నాడు. పునరుత్పత్తితో దాని సంబంధం 1965లో హాఫ్‌మన్, రైటర్ చేసిన ప్రయోగంతో గట్టిపడింది. మగ హ్యామ్‌స్టర్లను రోజుకు ఒక గంట వెలుతురులో ఉంచితే వృషణాలు ముడుచుకుపోయాయి, పీనియల్ తీసేసిన వాటిలో ముడుచుకోలేదు. దాంతో చాలాకాలం అందరూ మెలటోనిన్ అంటే పునరుత్పత్తికి బ్రేకు అనేసుకున్నారు. ఇప్పటికీ చాలామంది అలాగే రాస్తున్నారు, నాకు బాధ కలిగించే తప్పు ఇదే. బ్రేకే అయితే పొడుగు రాత్రుల్లో గొర్రె ఎలా ఎదకొస్తుంది? ఒకే హార్మోన్, ఒకే పొడవు, హ్యామ్‌స్టర్‌ను ఆపుతోంది, గొర్రెను నడిపిస్తోంది. మెలటోనిన్ చెప్పేది తేదీ ఒక్కటే. ఆ తేదీన ఏం చేయాలన్నది ఒక్కో జాతి తన చూడి కాలాన్ని బట్టి తేల్చుకుంది. హ్యామ్‌స్టర్‌కు చూడి రెండున్నర వారాలు మించదు, కాబట్టి వసంతంలో కట్టి వసంతంలోనే ఈనగలదు. గొర్రెకు అయిదు నెలలు, పచ్చిగడ్డి వచ్చే వేళకు పిల్ల పుట్టాలంటే ఆకులు రాలేప్పుడే కట్టాలి. గుర్రానికి పదకొండు నెలలు, కాబట్టి అది ఒక వసంతంలో కట్టి తర్వాతి వసంతంలో ఈనుతుంది, అందుకే దానికి పెద్ద పగళ్లు కావాలి.

మోతాదు ముఖ్యమా, గంటలు ముఖ్యమా అన్నది తేల్చింది మిషిగన్ విశ్వవిద్యాలయంలో ఫ్రెడ్ కార్ష్ బృందం 1980లలో చేసిన పని. గొర్రెల పీనియల్ తీసేసి, ప్రతి రాత్రీ సన్నని గొట్టం ద్వారా తామే మెలటోనిన్ ఎక్కించారు. ఎక్కువ గంటలు ఎక్కిస్తే, బయట లైట్లు ఎలా ఉన్నా గొర్రె దాన్ని చలికాలం కింద లెక్కేసుకుంది. తక్కువ గంటలు ఎక్కిస్తే ఎండాకాలం కింద లెక్కేసుకుంది. కంటిని, పీనియల్‌ను పక్కన పెట్టేసి ఒక్క గొట్టంతో గొర్రె ఋతువును మార్చేశారంటే, ఆ కబురు ఎంత సూటిగా ఉందో చూడండి.

మరి ఆ గంటలను చదివేదెవరు? మొదట్లో అందరూ మెదడులోనే వెతికారు. తీరా చూస్తే మెలటోనిన్ గ్రాహకాలు గుట్టగా ఉన్నది మెదడు కింద వేలాడే పిట్యూటరీ గ్రంథి కాడ చుట్టూ పలచగా చుట్టుకుని ఉండే పార్స్ ట్యూబరాలిస్ అనే పొరలో. పగళ్లు పెద్దవై మెలటోనిన్ గంటలు తగ్గాయంటే ఈ పొర టి.ఎస్.హెచ్. తయారుచేస్తుంది. అవును, మన థైరాయిడ్ టెస్టు రిపోర్టులో కనిపించే టి.ఎస్.హెచ్. పేరే. కాకపోతే ఇది మెడలోని థైరాయిడ్ కోసం కాదు. వెనక్కి తిరిగి పైనున్న హైపోథాలమస్‌కు, అంటే మెదడు అడుగుభాగానికి, వెళ్తుంది. అక్కడ ట్యానిసైట్లు అనే కణాలు రెండు ఎంజైములను అటూ ఇటూ మారుస్తాయి. ఒకటి థైరాయిడ్ హార్మోన్‌ను పనిచేసే రూపంలోకి, అంటే టి3లోకి మార్చేది, రెండోది దాన్ని పాడుచేసేది. ఎండాకాలంలో మొదటిది పెరుగుతుంది, చలికాలంలో తగ్గుతుంది. రక్తంలో థైరాయిడ్ హార్మోన్ పెద్దగా మారకపోయినా, హైపోథాలమస్‌లో ఆ చిన్న జాగాలో మాత్రం ఎండాకాలం టి3 ఎక్కువ ఉంటుంది. ఈ గొలుసును జపాన్‌లో యోషిమురా బృందం 2003 నుంచి కంజు పిట్టల్లో విప్పుకుంటూ వచ్చింది, 2008లో గొర్రెల్లోనూ అదే పద్ధతి ఉందని తేలింది. మా తరం చదువుకున్నప్పుడు ఈ మధ్య భాగమంతా పుస్తకాల్లో ఒక ఖాళీ బాణం గుర్తు.

ఇక్కడ ఒక ముఖ్యమైన సంగతి ఉంది. థైరాయిడ్ తీసేసిన గొర్రె వసంతం వచ్చినా ఎద సీజన్‌ను ముగించదు, హార్మోన్లు అలాగే నడుస్తుంటాయి. అంటే గొర్రెకు సీజన్ ఆపడానికి థైరాయిడ్ హార్మోన్ కావాలి. హ్యామ్‌స్టర్‌లో అదే టి3 వృషణాలను నిద్రలేపుతుంది. పై నుంచి టి3 దాకా దారి ఒక్కటే, జాతులు విడిపోయేది ఆ తర్వాతే.

ఆ తర్వాత కిస్‌పెప్టిన్ అనే పదార్థం విడుదల చేసే నాడీకణాలు వస్తాయి, అవి జి.ఎన్.ఆర్.హెచ్. కణాలను నడిపిస్తాయి. పునరుత్పత్తి హార్మోన్లు వదలమని పిట్యూటరీకి చెప్పే హార్మోన్ ఇది. జి.ఎన్.ఆర్.హెచ్. ధారగా రాదు, దెబ్బలు దెబ్బలుగా వస్తుంది. ఒక్కో దెబ్బకూ పిట్యూటరీ నుంచి ఎల్.హెచ్., అంటే గుడ్డు పండి విడుదలయ్యేలా చేసే హార్మోన్, ఒక దఫా రక్తంలోకి వస్తుంది. సీజన్‌లో, ఎదకు ముందు రోజుల్లో ఇది ఇంచుమించు గంటకొకటి. సీజన్ కాని కాలంలో కొన్ని గంటలకొకటి, అంత నెమ్మదిగా వస్తే గుడ్డు పండదు. ఎందుకు నెమ్మదిస్తుందన్నది 1977లో మిషిగన్ బృందమే చూపించింది. గొర్రెల అండాశయాలు తీసేసి, చర్మం కింద ఈస్ట్రోజన్ గొట్టం పెట్టి, ఏడాదంతా ఒకే మోతాదు అందేలా చూశారు. శరత్కాలంలో ఎల్.హెచ్. పైకి లేచింది, వసంతంలో పడిపోయింది. ఈస్ట్రోజన్ మారలేదు, దానికి మెదడు లొంగే తీరు మారింది. ఎండాకాలంలో కాస్త ఈస్ట్రోజన్‌కే మెదడు ఆగిపోతుంది, శరత్తులో అంత ఈస్ట్రోజన్ ఉన్నా ఆగదు.

పొట్టేలులో ఇదంతా చేత్తో తాకి చూడొచ్చు. సోయే పొట్టేలు వృషణాలు వసంతంలో చిన్నగా మెత్తగా ఉంటాయి, అక్టోబర్ నాటికి నిండుగా బిగువుగా అవుతాయి, గజ్జల్లో బొచ్చు లేని చోట చర్మం ఎర్రబారుతుంది, మెడ లావవుతుంది, మందలో కొమ్ముల కొట్లాట మొదలవుతుంది. వీర్యకణం తయారుకావడానికి ఏడు వారాల దాకా పడుతుంది కాబట్టి వృషణం ముందే లేవాలి, ఎండాకాలం మధ్యలోనే లేస్తుంది. ఈ మాట దగ్గర ఒకసారి ఆగండి. అప్పటికి పగళ్లు ఇంకా పెద్దగానే ఉన్నాయి కదా, మరి చిన్న పగళ్లే దాన్ని లేపాయని ఎలా అంటాం?

అనలేం. గొర్రె లోపల తనదైన వార్షిక గడియారం ఒకటి ఉంది, పగటి పొడవు ఏళ్ల తరబడి మార్చకుండా ఉంచినా సీజన్లు వస్తూ పోతూనే ఉంటాయి, కాకపోతే తేదీలు జారిపోతాయి. పగటి పొడవు చేసే పని ఆ గడియారాన్ని సరిచేయడం. అదే మిషిగన్ బృందం 1994లో పీనియల్ లేని గొర్రెలకు ఏడాదిలో ఒక్క 70 రోజులు మాత్రమే, ఒక్కో గుంపుకు ఒక్కో ఋతువు తాలూకు మెలటోనిన్ ఇచ్చి చూసింది. గడియారాన్ని గట్టిగా సరిచేసింది వసంతకాలపు కబురు. అంటే నవంబర్‌లో కనిపించే ఎదకు ముహూర్తం ఏప్రిల్, మే నెలల్లోనే పెట్టేసి ఉంటుంది. సీజన్ ముగిసేది కూడా పగళ్లు పెరిగినందుకే కానక్కర్లేదు, పొడుగు రాత్రులకు అలవాటుపడి శరీరం స్పందించడం మానేస్తుంది. హ్యామ్‌స్టర్‌లో ఇది ఇంకా బాగా కనిపిస్తుంది. చలికాలమంతా చీకటి బొరియలో ఉన్నా, సుమారు ఇరవై వారాల తర్వాత వృషణాలు వాటంతటవే పెరుగుతాయి. బయటికొచ్చి వెలుతురు చూసి అప్పుడు మొదలుపెడితే సగం సీజన్ పోతుంది మరి.

మార్చిలోనూ సెప్టెంబర్‌లోనూ పగలు పన్నెండు గంటలే, తేడా ఎలా తెలుస్తుందని మీకు అనుమానం రావొచ్చు. ఇప్పుడెంత ఉందన్నదే కాదు, ఇంతకుముందు ఎంత ఉండేదన్నది కూడా శరీరం గుర్తుపెట్టుకుంటుంది. పదహారు గంటల పగళ్ల తర్వాత వచ్చిన పద్నాలుగు గంటల పగలు తరుగుదల, పది గంటల తర్వాత వచ్చిన పద్నాలుగు పెరుగుదల. సైబీరియా హ్యామ్‌స్టర్‌లో అయితే ఈ జ్ఞాపకం తల్లి మెలటోనిన్ ద్వారా కడుపులో పిల్లకే అందుతుంది.

మరి నెల్లూరు గొర్రె సంగతి. నెల్లూరులో పెద్ద పగలు సుమారు 13 గంటలు, చిన్న పగలు సుమారు పదకొండుంపావు. ఏడాది మొత్తానికి తేడా రెండు గంటలు కూడా లేదు. పైగా అక్కడ పిల్ల బతకడం చలి మీద కాదు, వాన మీదా పచ్చిక మీదా ఆధారపడింది, వాన ఏటా ఒకే తేదీకి రాదు. అలాంటి చోట తరతరాలుగా పెరిగిన జాతికి వెలుతురు లెక్కను గట్టిగా పట్టుకుంటే నష్టమే. అందుకే మేత దొరికి ఒళ్లు చేసినప్పుడు ఎదకొస్తాయి. వానలు పడి పచ్చిక లేచాక మామయ్య మందలో ఎక్కువ కట్టడం మీరు చిన్నప్పుడు చూసే ఉంటారు. గేదె వేరు. మన గేదెలు ఎండాకాలంలో మూగ ఎద (బయటికి కనబడని ఎద) చూపించి, పగళ్లు తగ్గే కాలంలో బాగా కడతాయి, చాలావరకు వానాకాలం నుంచి చలికాలం లోపు ఈనుతాయి. అందులో ఎండ వేడి, మేత కొరతతో పాటు పగటి పొడవుకూ వాటా ఉంది. ఇటలీలో గేదె పాల చీజ్‌కు గిరాకీ వేసవిలో ఎక్కువ కాబట్టి, అక్కడి గేదె రైతులు పోతులను శరత్తులో మంద నుంచి తీసేసి ఆ సహజ సీజన్‌కు ఎదురీదుతుంటారు.

మెలటోనిన్ బిళ్ల గురించి. గొర్రెకు వాడేది 18 మిల్లీగ్రాములది, చెవి వెనక చర్మం కింద పెడతారు. అది పగలూ రాత్రీ మెలటోనిన్ వదులుతూ ఉంటుంది కాబట్టి శరీరానికి రాత్రి తెల్లవారనట్టే ఉంటుంది, పొడుగు రాత్రుల కాలం వచ్చిందనుకుంటుంది. పొట్టేలును వదలడానికి 30 నుంచి 40 రోజుల ముందు పెడితే సీజన్ కొన్ని వారాలు ముందుకొస్తుంది. అయితే ముందు పెద్ద పగళ్లు చూసిన గొర్రెకే అది బాగా పనిచేస్తుంది. అందుకే ఫ్రాన్స్‌లో మేకల రైతులు చలికాలంలో మొదట రెండు నెలలకు పైగా లైట్లు వేసి, ఆ తర్వాతే బిళ్ల పెడతారు. గొర్రె ఇప్పటికే ఏడాదంతా ఎదకొస్తుంటే, ముందుకు తేవడానికి అక్కడ సీజన్ ఏముంది? మామయ్యతో ఆ డబ్బు పెట్టించకండి.

దానికి బదులు ఖర్చు లేని పని ఒకటి చెప్పండి. పొట్టేళ్లు ఎప్పుడూ మందలోనే తిరుగుతుంటే గొర్రెలు ఆ వాసనకు అలవాటుపడిపోతాయి. నెల రోజులు కంటికి కనబడనంత, వాసన తగలనంత దూరంగా ఉంచి, పొట్టేళ్లను వదలడానికి రెండు మూడు వారాల ముందు నుంచీ గొర్రెలకు కాస్త మంచి మేత వేసి, ఒక్కసారిగా వదలమనండి. ఎదకు రాకుండా ఆగి ఉన్న గొర్రెల్లో ఆ వాసన తగిలిన కొద్ది నిమిషాల్లోనే ఎల్.హెచ్. దెబ్బలు పెరుగుతాయి, రెండు మూడు రోజుల్లో గుడ్డు విడుదలవుతుంది. ఆ మొదటిసారి చాలావాటికి బయటికి ఎద కనిపించదు, పొట్టేలు పట్టించుకోలేదని కంగారుపడి వెనక్కి తీసేయొద్దు. అసలు కట్టడం పద్దెనిమిదో రోజు నుంచి ఇరవై నాలుగో రోజు మధ్య జోరందుకుంటుంది. ఈతలు దగ్గర దగ్గరగా వస్తే టీకాలు, డీవార్మింగ్, అమ్మకం అన్నీ ఒక వరసలో పెట్టుకోవచ్చు. వదిలిన తేదీ మాత్రం గోడ మీదైనా రాసి పెట్టుకోమనండి, అయిదు నెలల తర్వాత అదే పనికొస్తుంది.